నడుమ ఒక గీత

తొలకరి పడిందంటే చాలు, వజ్రకరూరు పొలాల్లో జనం నేలచూపులు చూస్తూ తిరుగుతారు. వాన కడిగిన నేలమీద ఎక్కడైనా ఓ వజ్రం తళుక్కుమనకపోతుందా అని ఆశ. ఈ సంగతి మన కుర్రవాడొకడు ఇంగ్లీషులో వ్రాయబోయాడనుకోండి. ‘ఫ్రం జూన్–సెప్టెంబర్’ అంటాడు. లేకపోతే ‘బిట్వీన్ జూన్–సెప్టెంబర్’ అంటాడు. రెండూ తప్పే. కుర్రవాణ్ణి అని ఏం లాభం! పెద్ద పెద్ద ఆఫీసుల నోటీసుల్లోనే ఇది కనిపిస్తూ ఉంటుంది.

‘ఫ్రం’కు జోడు ‘టు’. ‘బిట్వీన్’కు జోడు ‘అండ్’. కాడికి ఒకవైపు ఎద్దును కట్టి, రెండోవైపు ఎద్దుకు బదులు గీత గీస్తే గుంటక కదులుతుందా? ఆ గీతకు తనంతట తానే ‘టు’ అనే అర్థం ఉంది. అందుకని అది ఒంటరిగా నిలబడాలి: ‘జూన్–సెప్టెంబర్’. ముందు ‘ఫ్రం’ వచ్చి కూర్చుందా, గీత మానేసి ‘టు’ అని వ్రాయవలసిందే.

బ్రౌను దొర పేరు పక్కన 1798–1884 అని వేస్తే నిక్షేపంగా ఉంటుంది. వాక్యంలోకి వచ్చేసరికి మాత్రం, మన్రో దొర దత్తమండలాల కలెక్టరుగా ‘ఫ్రం 1800 టు 1807’ ఉన్నాడనాలి. అన్నాళ్ళూ ఆ కొలువులోనే ఉన్నాడు కనుక ‘ఫ్రం’. ఆ రోజుల్లో ఎప్పుడో ఒకనాడు జరిగిన ముచ్చటైతే ‘బిట్వీన్ 1800 అండ్ 1807’. ఈ తేడా మనకు కొత్తదేం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెదుకుతారు. దొరికితే గిరికితే జూన్ సెప్టెంబరుల మధ్య ఏదో ఒకనాడు దొరుకుతుంది.

అచ్చాఫీసువాళ్ళ లెక్కలో ఈ గీత హైఫన్ కన్నా కాస్త పొడుగు. ‘ఎన్’ అక్షరమంత వెడల్పని దానికి ‘ఎన్ డాష్’ అని పేరు. టైపు మిషనుమీద దీనికి మీట లేక హైఫన్‌తోనే సరిపుచ్చేవారు. కంప్యూటరు వచ్చాక కూడా పాపం మీటల్లో దీనికి చోటు దొరకలేదు. చేతికి అందని గీతను వెయ్యలేదని ఎవరినీ తప్పుపట్టలేం.

డబ్బు దగ్గర మాత్రం పట్టుదలగా ఉండాలి. ‘రు. 2–3 లక్షలు’ అంటే మొదటిది రెండు లక్షలా, రెండు రూపాయలా? నోటితో ‘రెండు మూడు లక్షలు’ అంటే ఎవరికీ అనుమానం రాదు. మన తెలుగుకు గీతా అక్కరలేదు, విభక్తీ అక్కరలేదు. కాగితం సంగతి వేరు. అందులోనూ రాయి దొరికిన బీదరైతు చేతిలో పెట్టే కాగితమైతే లక్షలు రెండుచోట్లా వ్రాసి తీరాలి.

తేదీలతో ఇంకా చిక్కు. వేరుశనగ పంటకు బీమా సొమ్ము ‘బిట్వీన్ 15 అండ్ 31 జూలై’ కట్టమని నోటీసు వచ్చిందనుకోండి. 31వ తేదీ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన రైతును ‘నిన్నటితో సరి’ అని గుమాస్తా పంపెయ్యవచ్చు, పంపకపోనూవచ్చు. ‘బిట్వీన్’ ఇద్దరి తరఫునా సాక్ష్యం చెబుతుంది. సాలుకు 550 మిల్లీమీటర్ల వానకు అటూ ఇటూగా బ్రతికే జిల్లాలో ఆ ఒక్కరోజూ పోతే ఏడాది పంటకు ఆసరా పోయినట్టే. అమెరికావాళ్ళు ఇలాంటిచోట ‘టు’ బదులు ‘త్రూ’ అంటారు. ‘జూలై 15 త్రూ 31’ అంటే 31 కూడా లోపలే. మనకు ఆ వాడుక అలవాటు లేదు. కనుక ‘ఫ్రం 15 టు 31 జూలై’ అని వ్రాసి, పక్కన ‘బోత్ డేస్ ఇన్‌క్లూసివ్’ అని మూడు మాటలు చేర్చాలి. గుమాస్తాకు ఇక నోరు పెగలదు.