రివర్స్ పడకపోతే గేర్‌బాక్సే మార్చాలా?

ఆటోమేటిక్ కారు వెనక్కి పోవట్లేదండీ అని తీసుకెళ్తే, షాపువాడు బానెట్ కూడా ఎత్తకుండా "ట్రాన్స్‌మిషన్ మార్చాలి" అనేశాడు. మనవాళ్ళేమో మారుమాట్లాడకుండా కార్డు గీకేస్తారు. అదే ఆఫీసులో ఎవడైనా లాగ్ చూడకుండా సర్వర్ మార్చేద్దాం అంటే ఊరుకుంటామా?

ముందు ఫ్లూయిడ్ చూడాలి కదా. తగ్గిందా, మాడు వాసనొస్తోందా? తర్వాత షిఫ్ట్ కేబుల్. లివర్ రివర్స్‌లో ఉన్నా, కేబుల్ సాగితే లోపలి వాల్వ్ అక్కడిదాకా రాదు. ఆపైన ప్రెషర్ గేజ్.

జీఎం పికప్పుల్లో వచ్చిన 4ఎల్60ఈ సంగతే చూడండి. రివర్స్‌తో పాటు రెండు, నాలుగు కూడా పోయి, ఒకటీ మూడూ మాత్రం పడుతుంటే అనుమానం సన్ షెల్ మీదే. రివర్స్‌తో పాటు మాన్యువల్ ఒకటిలో ఇంజన్ బ్రేకింగ్ పోతే లో-రివర్స్ క్లచ్‌ని పట్టుకోవాలి. రెంటికీ పెట్టె విప్పాల్సిందే, కాదనను. కానీ విప్పి ఒక భాగం వెయ్యడం వేరు, మొత్తం పెట్టె అంటగట్టడం వేరు (బిల్లు చూస్తే తెలుస్తుంది). ఏది పోయిందో తెలియకుండా రేటెలా చెప్తాడు?

రివర్స్‌లో ప్రెషర్ ఎంతొచ్చిందో కాగితం మీద రాసిమ్మన్నాను. అప్పుడు వెళ్ళాడు గేజ్ వెతకడానికి.