మాటల తోట: ఈ నెల మాట “రైప్”

పిల్లలూ! మైలవరంలో ఒక మామిడి తోట ఉన్నదనుకుందాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మైలవరం ఎన్టీఆర్ జిల్లాలోకీ, నూజివీడు ఏలూరు జిల్లాలోకీ పోయినవి. తోటలకు మాత్రం ఆ సంగతి తెలియదు. రెండు చోట్లా అవే బంగినపల్లులు, అవే చిన్న రసాలు, అవే కలెక్టరు కాయలు.

ఆ తోట రైతు కొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు. ఒకనాడు ఢిల్లీ వర్తకుడొకడు ఫోనులో ఇంగ్లీషున ఒక ప్రశ్న పంపించాడు: “ఆర్ ది మాంగోస్ రైప్?”

తండ్రి కొడుకును పిలిచి, “ఏమంటున్నాడురా, అబ్బాయ్?” అని అడిగాడు.

“కాయలు తయారైనవా అంటున్నాడు, నాన్నా.”

“తయారే! నిన్ననే నాలుగు కాయలు నీళ్ళ తొట్టిలో వేసి చూశాను. అడుక్కు మునిగినవి. రేపే కోత అని రాయి.”

కుర్రవాడు హుషారుగా “యస్, వెరీ రైప్” అని రాశాడు. కొంతసేపటికి జవాబు వచ్చింది: “అయితే నాకు వద్దు.”

తండ్రి ముఖం వాడిపోయింది. అప్పటికే లారీ మాట్లాడాడు, కోత మనుషులకు కబురు పెట్టాడు. ఏడాది కష్టమంతా ఒక్క మాటతో తలకిందులయ్యేట్టున్నది!

పొరపాటు ఎక్కడ జరిగింది? తండ్రి చెప్పినది ముదిరిన కాయల సంగతి. కొడుకు రాసినది పండిన కాయల సంగతి. “రైప్” అంటే పండినది, తినటానికి సిద్ధంగా ఉన్నది అని అర్థం. బాగా పండిన మామిడిపళ్ళు ఢిల్లీ చేరేసరికి ఏమవుతాయో మీరే ఊహించండి! అందుకే వర్తకుడు వద్దన్నాడు. కాయ చెట్టుమీద పూర్తిగా ఎదిగి, టెంక గట్టిపడి, కోతకు వచ్చినప్పుడు వాడవలసిన మాట “మెచ్యూర్.”

మామిడిలో ఒక విశేషం ఉన్నది. ముదిరిన కాయను పచ్చిగా కోసినా, ఆ తరువాత అది తనంత తానే పండుతుంది. కాయ లోపల ఇథిలీన్ అనే వాయువు పుడుతుంది. దానితో లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, ఆకుపచ్చ రంగు పోయి పసుపు బయటపడుతుంది. ఇంగ్లీషులో ఈ పనిని “రైపెన్” అంటారు. మన ఇళ్ళలో గడ్డి పరిచి కాయలు మాగవేసేది ఇందుకే. ముదరకముందే కోసిన కాయ ఎన్నాళ్ళు మాగవేసినా తోలు ముడతలు పడుతుందే తప్ప తియ్యనవదు. నీళ్ళలో వేసి చూడటం కూడా ఇందుకే: ముదిరిన కాయ నీటికన్న బరువెక్కి మునుగుతుంది, లేతకాయ తేలుతుంది.

ఇక “రైప్”కు దగ్గరి మాటలు చూద్దాం. “మెలో” అంటే పండి మెత్తబడి తియ్యనైనది. కమ్మని గొంతును కూడా “మెలో వాయిస్” అంటారు. మిగలపండినది “ఓవర్ రైప్.” పచ్చికాయను “అన్‌రైప్” అనవచ్చు, “గ్రీన్” అనవచ్చు, “రా” అనవచ్చు. అనుభవం లేని కొత్తవాణ్ణి కూడా ఇంగ్లీషువారు “గ్రీన్” అంటారు. వండని కూరగాయ “రా.” దోరకాయను “హాఫ్ రైప్” అనాలి. మనకు కాయ వేరు, పండు వేరు; ఇంగ్లీషులో రెండూ “ఫ్రూటే.” చూశారా, పిందె, కాయ, దోర, పండు అని మనం ఒక్కొక్క మాటతో చెప్పేదానికి వారికి రెండేసి మాటలు కావాలి!

మరి తెలుగులో “పండింది” అన్నచోటల్లా “రైప్” వేస్తే సరిపోతుందా? సరిపోదు. గోరింటాకు పెట్టుకున్న చెల్లాయి, “నా చెయ్యి పండింది” అంటుంది. “మై హాండ్ ఈజ్ రైప్” అని రాస్తే చదివినవారు హడలిపోతారు! అక్కడ రంగు బాగా వచ్చిందని చెప్పాలి. “మా పొలంలో వరి పండుతుంది” అన్నచోట “గ్రో” వాడాలి. కోతకు వచ్చిన చేనును మాత్రం “రైప్” అనవచ్చు. “నా కల పండింది” అంటే “కమ్ ట్రూ.”

రెండు భాషలూ చక్కగా కలిసేచోటు ఒకటి ఉన్నది. మనం “పండు ముసలి” అంటాం. వారు “రైప్ ఓల్డ్ ఏజ్” అంటారు. అలాగే అదను వచ్చిందని చెప్పటానికి “ది టైమ్ ఈజ్ రైప్” అంటారు.

ఇంకో తమాషా వినండి. వయసుకు మించి మాట్లాడే పిల్లవాణ్ణి మనం “పిందెలోనే పండాడు” అంటాం. ఇంగ్లీషులో అటువంటివాడు “ప్రికోషస్.” ఆ మాట పుట్టిన లాటిన్ మాటకు అర్థం “ముందుగా పండినది” అనే! “ఆప్రికాట్” అనే పండు పేరు కూడా ఆ లాటిన్ మాట నుంచే, అరబ్బుల నోళ్ళమీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. ఎక్కడి లాటిన్, ఎక్కడి మన పిందె!

ఒక హెచ్చరిక కూడా ఉన్నది. పచ్చగా మెరిసే పండల్లా “రైప్” కాదు. కొందరు లేతకాయలను కార్బైడుతో మాగవేస్తారు. పైతోలు పసుపెక్కుతుంది, లోపల పులుపు పోదు. కార్బైడులో ఆర్సెనిక్ వంటి విషపదార్థాల జాడలు ఉండవచ్చు కనుక, దానితో పళ్ళు మాగవేయటాన్ని మన దేశంలో చట్టం నిషేధించింది. ఇథిలీన్ వాయువును మాత్రం పరిమితికి లోబడి వాడవచ్చునని 2016లో అనుమతించారు. కాబట్టి రంగు ఒక్కటే చూడకండి, వాసన కూడా చూడండి.

అన్నట్టు, మన కుర్రవాడి సంగతి? అతడు నిఘంటువు తిరగవేసి, నాలుక కరుచుకుని, మళ్ళీ రాశాడు: “సారీ. నాట్ రైప్. మెచ్యూర్ అండ్ గ్రీన్.” వెంటనే జవాబు వచ్చింది: “గుడ్! సెండ్.” మర్నాడు తెల్లవారకముందే తోటలో కోత మొదలయింది.

మీరూ ప్రయత్నించండి. రైప్, మెచ్యూర్, రా, గ్రో: వీటిలో ఏది ఎక్కడ వాడాలి?

1. మా అమ్మ ఆవకాయకు కొన్న కాయలు.
2. టెంక ముదిరి కోతకు వచ్చిన గట్టి కాయ.
3. మా తాతగారు చీకి పారేసిన చిన్న రసం.
4. మా ఊళ్ళో మిరప బాగా పండుతుంది.

జవాబులు: 1. రా, 2. మెచ్యూర్, 3. రైప్, 4. గ్రో.

నాలుగూ సరిగా చెప్పినవారు ఒక మామిడిపండు తినవచ్చు. తప్పినవారు కూడా తినవచ్చు, అయితే పండిందో లేదో చూసుకుని!