ఆగితే తన్నులు, ఆగకపోతే మహానది

2024 జూన్ 7 తెల్లవారుజామున ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్ దగ్గర, మహానది వంతెన మీద గేదెల లోడుతో ఒక లారీ ఆగి ఉంది. అందులో ప్రయాణిస్తున్న ముగ్గురు వంతెన కింద పడి ఉన్నారు. ఇద్దరు ఆ రోజే మరణించారు. మూడో మనిషి రాయపూర్ ఆసుపత్రిలో జూన్ 18న కన్నుమూశాడు. ముగ్గురూ ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్, శామ్లీ జిల్లాలవారు. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడి అప్పటికి మూడు రోజులే అయింది. ఢిల్లీలో మంత్రి పదవుల పంపకం మీద చర్చ జోరుగా నడుస్తుండగా ఈ మూడు చావులు లోపలి పేజీల్లో సర్దుకున్నాయి.

పోలీసులు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. ఐదుగురిని అరెస్టు చేశారు. జులైలో అభియోగపత్రం దాఖలైంది. దాని సారాంశం ఇది: నిందితులు మూడు కార్లలో దాదాపు 53 కిలోమీటర్లు లారీని వెంటాడారు. మేకులు దిగ్గొట్టిన చెక్కలు, గాజు ముక్కలు విసిరారు. టైరు దెబ్బతిని లారీ వంతెన మీద ఆగింది. లోపలివారు భయంతో నదిలోకి దూకారు. కాబట్టి ఇది మూకహత్య కాదు. ఫోన్‌లో తమవాళ్ల ఆర్తనాదాలు విన్నామని, కొడుతున్న చప్పుడు విన్నామని బంధువులు చెప్పారు. అభియోగపత్రం ఆ మాటను అంగీకరించలేదు. హత్యా నేరానికి బదులు, హత్య కిందికి రాని ప్రాణహరణ నేరం, అంటే ఐపీసీ 304 సెక్షన్ మిగిలింది.

ఏది నిజమో తేల్చవలసింది న్యాయస్థానమే. నా ప్రశ్న వేరు. పోలీసుల కథనాన్నే అక్షరాలా నమ్ముదాం. జాతీయ రహదారి మీద మూడు కార్లు ఒక సరుకు లారీని 53 కిలోమీటర్లు తరిమాయి. తరిమినవారికి ఆ అధికారం ఎవరిచ్చారు? గంటకు 60 కిలోమీటర్ల వేగం అనుకున్నా అది దాదాపు గంట వేట. ఆ గంటలో రాజ్యం ఎక్కడుంది?

రవాణా వ్యాపారంలో ఫుల్ లోడు అంటే ఒకే ఆసామి సరుకు లారీ అంతా నిండి, మధ్యలో దింపడం, ఎక్కించడం లేకుండా తిన్నగా గమ్యం చేరడం. పార్సిల్ సర్వీసులో సరుకు ఏ గోదాములోనో పడి ఉంటుంది, దానికి ముఖం ఉండదు. ఫుల్ లోడులో సరుకుకు ముఖం డ్రైవరే. కొన్నవాడు, అమ్మినవాడు, లోడు కుదిర్చిన బ్రోకరు, లారీ యజమాని అందరూ ఫోన్ అవతల ఉంటారు. రోడ్డు మీద దొరికేది కిరాయికో జీతానికో వచ్చినవాడు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నియమాలు సరుకు పోతే ట్రాన్స్‌పోర్టరు బాధ్యత ఎంతవరకో లెక్కగట్టాయి: ఎక్కువ విలువ ముందే ప్రకటించకపోతే కిరాయికి పది రెట్లు. సరుకుతో పాటు వెళ్లే మనిషికి ఆ చట్టంలో అలాంటి లెక్క లేదు.

ఇప్పుడు ఐదు నెలలు వెనక్కి వెళ్దాం. 2024 జనవరి మొదటి వారంలో దేశమంతటా లారీలు ఆగిపోయాయి. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన బండ్లను పాఠకులు మరిచిపోయి ఉండరు. కారణం భారతీయ న్యాయ సంహితలోని 106(2) నిబంధన. ప్రమాదం చేసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో తెలపకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు. డ్రైవర్లు చెప్పిన అభ్యంతరం ఒక్కటే: ఆగితే జనం కొట్టి చంపుతారు. చర్చావేదికల మీద పెద్దమనుషులు దాన్ని సాకుగా కొట్టిపారేశారు. ప్రభుత్వం మాత్రం తగ్గింది. జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టింది.

ఆరంగ్‌లో ఎవరినీ గుద్దని లారీని తరిమారు. గుంపు భయం సాకు కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పశువుల అక్రమ రవాణాను సమర్థిస్తున్నారా అని కొందరు అడుగుతారు. లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2004 నాటి పశు పరిరక్షణ చట్టం ఉంది, గేదెలు కూడా దాని పరిధిలోనివే. పశువులను లారీలో కుక్కితే కేంద్ర నిబంధనల ప్రకారం అదీ నేరమే. అయితే తనిఖీ చేసి కేసు పెట్టడానికి చట్టం కొందరు అధికారులను నియమించింది. మేకుల చెక్కలను ఏ చట్టమూ నియమించలేదు. పైగా పశువుల లోడుకు జీఎస్టీ మినహాయింపు ఉంది, ఈ-వే బిల్లు అక్కరలేదు. పశువైద్యుని ధ్రువపత్రం ఉన్నా, చీకట్లో వెంటాడేవాడు దాన్ని చదవడానికి రాలేదు. లోడు చట్టబద్ధమో కాదో తెలియకముందే శిక్ష పడిపోయింది.

ఇది ఎక్కడో ఉత్తరాది గొడవ అనుకునే తెలుగువారికి ఒక మాట. మన రైతులు ముర్రా గేదెల కోసం హర్యానా వెళ్తారు. ఆ పాడి గేదెలు లారీల్లోనే, రెండు మూడు రాష్ట్రాలు దాటి మన ఊళ్లకు వస్తాయి. ఛత్తీస్‌గఢ్ బియ్యం కాకినాడ, విశాఖ ఓడరేవులకు రోడ్డు మీద కూడా చేరుతుంది. రాయపూర్ నుంచి విశాఖకు ఆరు వరుసల దారి వేస్తున్నాం. వరుసలు ఎన్ని పెంచినా లారీలోని డ్రైవరు ఒక్కడే.

2018 జులై 17న తహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని మూకదాడుల నివారణకు నియమించాలని, విచారణను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని, పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయడాన్ని పరిశీలించాలని అన్నది. అప్పటి నుంచి ఛత్తీస్‌గఢ్‌ను కాంగ్రెస్ ఐదేళ్లు ఏలింది, ఇప్పుడు బీజేపీ ఏలుతోంది. ఆవుపేడ కొనడానికి పథకం పెట్టిన పార్టీకి మూకదాడుల మీద చట్టం చేయడానికి తీరిక దొరకలేదు. కొత్త సంహితలోని 103(2) మూకహత్యను ప్రత్యేకంగా గుర్తించింది, సంతోషమే. కానీ అందులో జాతి, కులం, భాష, జన్మస్థలం అన్నీ ఉన్నాయి, మతం అన్న మాట మాత్రం లేదు. పైగా ఆ నిబంధన వర్తించాలంటే ముందు దర్యాప్తు దాన్ని హత్య అనాలి. తరిమి నదిలో దూకించినదాన్ని దూకడంగానే రాసుకుంటే ఏ కొత్త సెక్షన్ ఏం చేయగలదు?

కేంద్ర రవాణా మంత్రిని, రెండు తెలుగు రాష్ట్రాల రవాణా మంత్రులను కూడా నేను అడిగేది ఇంతే. లారీ ఏ టోల్‌గేటు ఏ క్షణంలో దాటిందో ఫాస్టాగ్ మీకు చెబుతోంది. బరువు ఎక్కువైతే చలానా తనంతట తాను వస్తోంది. వసూలుకు ఇంత చురుకైన కన్నున్న రహదారికి, రాత్రిపూట మూడు కార్లు ఒక లారీ వెంట పడటం కనబడదా?

ఆరంగ్‌ను మోరధ్వజ రాజు నగరమని స్థానికులు చెప్పుకుంటారు. వాకిట నిలిచిన అతిథికి ఇచ్చిన మాట కోసం కన్నకొడుకును రంపంతో కోయడానికి సిద్ధపడిన రాజు ఆయన. ఊరి పేరు కూడా ఆ రంపం నుంచే వచ్చిందంటారు. అలాంటి ఊరి పొలిమేరలో పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన ముగ్గురు కూలి మనుషులు వంతెన మీద నిలిచినప్పుడు, వారికి రాజ్యాంగం ఇచ్చిన మాట నిలబెట్టడానికి ఒక్క కానిస్టేబులు కూడా సమయానికి రాలేదు.