విదేశ విద్యకు సన్నాహము

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల యువకులు గల్ఫు దేశములకు కూలికై పోవుట చిరకాలముగా నున్నది. నేడు విద్యార్థులై పరదేశ విశ్వవిద్యాలయములకు పోవ నుత్సహించుట ముదావహము.

అయిన నీ యుత్సాహమునకు చేయూత యెంత? దళిత, గిరిజన, వెనుకబడిన, అల్పసంఖ్యాక వర్గముల పేద విద్యార్థులకు రాష్ట్రప్రభుత్వము 20 లక్షల రూపాయలవరకు విదేశ విద్యానిధి నేర్పరచినది. ఇది ప్రశంసనీయమే. కాని ఆంగ్లభాషా పరీక్షకు, దరఖాస్తులకు, వీసాకు, విమానమునకు ధనము ముందు కావలయును. నిధి సొమ్ము వెనుక వచ్చును. ఉట్నూరు గోండు యువకుడు ఈ నడిమి యగడ్త నెట్లు దాటగలడు?

దాటలేనిచోట దళారి నిలుచును. అప్పు చూపువాడును, విద్యాలయము నెంచువాడును అతడే. ఫలితము మన మెరిగినదే. 2011లో కాలిఫోర్నియాయందలి ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై దాడి జరిగినప్పుడు తెలుగు విద్యార్థులు పలువురు దిక్కులేనివారైరి. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము అమెరికా ప్రభుత్వాధికారులే పన్నిన వల. అందు ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. తెలిసి చేరినవారును, తెలియక చేరినవారును ఒక్కతీరుననే చిక్కిరి.

విద్యార్థులారా! రుసుము చెల్లింపకముందే విచారింపుడు. బోధించువా రెవరు? పట్టమునకు గుర్తింపు నిచ్చిన దెవరు? అందు చదివి వచ్చినవా రేమందురు? ఈ విచారణయే ప్రథమ సన్నాహము.

ప్రభుత్వమునకు మా మనవి రెండు: విద్యానిధిలో కొంతభాగము ప్రయాణమునకు ముందే యొసగవలయును. 2008లో కరీంనగరమున స్థాపితమైన శాతవాహన విశ్వవిద్యాలయమునందును, ఆదిలాబాదునందును ఉచిత సలహా కేంద్రములు నెలకొల్పవలయును. లేనిచో పేదవాని విద్యాకాంక్ష దళారి వ్యాపారమునకు పెట్టుబడి యగును.