గోటితో పోవు దానిని గొడ్డలిదాక తెచ్చుకొనవద్దు



సంగారెడ్డి జిల్లాలోని వెలిమెల, దాని చుట్టుపట్ల గ్రామములలో నిన్నటి చేలు నేడు ఇండ్ల స్థలములైనవి. కొత్త ఇల్లు కట్టినవారికి ప్రహరీ వెంట త్వరగా పచ్చదనము కావలెను. పటాన్‌చెరు కర్మాగారముల వైపు నుండి వచ్చు దుమ్ము ఆగవలెను. ఈ కోరికలు న్యాయమైనవే. అన్నిటికి ఒకే మందుగా నర్సరీలవారు చేతికిచ్చుచు వచ్చిన మొక్క కోనోకార్పస్. ఈ మొక్కకు ఇంటి పెరడు తగిన చోటు కాదని, ఉన్నచోట దానిని ఓపికగా తొలగించుకొనుట మేలని నా అభిప్రాయము.

గుర్తించు విధము

తొందరపడి వేరొక చెట్టును కొట్టకుండుటకు ముందుగా దీనిని గుర్తుపట్టవలెను. ఆకులు ఇంచుమించు వ్రేలెడు పొడవుండి, రెండు కొనలు సన్నగిలి, కొమ్మపై ఒకదాని తరువాత ఒకటి అటునిటు వచ్చును. ఏడాది పొడవున పచ్చగానే యుండును. పూలు మిక్కిలి చిన్నవి. కాయలు చిన్న బొత్తాములవలె గుత్తులుగా నుండును. గన్నేరాకు త్రుంచినచో పాలు కారును, దీనికి పాలుండవు. నీలగిరి ఆకు నలిపిన ఘాటైన వాసన వచ్చును, దీనికి ఆ వాసన లేదు. అశోకము ఆకు అంచులు అలలవలె నుండును, దీని అంచులు నునుపు. మన మద్ది, కరక్కాయ చెట్ల కుటుంబమునకే చెందినదైనను ఇది మన దేశపుది కాదు. ఇందులో ఒక జాతి అమెరికా, పశ్చిమ ఆఫ్రికా తీరములలో మడ అడవుల అంచులది. రెండవది సోమాలియా, యెమెన్ ప్రాంతములది.

ఎందుకు వద్దు?

ఎండకు, ఉప్పు నీటికి ఓర్చి పెరుగుటచే గల్ఫు దేశములలో దీనిని విరివిగా నాటిరి. అక్కడ పనికి పోయి వచ్చిన మనవారు రోడ్ల ప్రక్కన దీనిని చూచియే యుందురు. కువైటులో దీని వేళ్ళు భూమిలోని నీటి గొట్టములను, మురుగు గొట్టములను పాడుచేయుట పెద్ద సమస్యయైనది. తడి ఉన్న దిక్కుకు వేళ్ళు సాగును. గొట్టపు అతుకులో సన్నని పగులు దొరికినను లోనికి చొచ్చి జడవలె అల్లుకొనును. మన పెరటిలో నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ పునాది అన్నియు పది అడుగులలోనే యుండును. ప్రహరీకి అవతల పొరుగువారివియు అట్లే యుండును. వేరుకు హద్దురాళ్ళు తెలియవు. నాటినవాడు ఒకడు, నష్టపడువాడు వేరొకడు కావచ్చును.

దీని పుప్పొడి ఉబ్బసమును హెచ్చించునని కొందరు, అది ఇంకను రుజువు కాలేదని కొందరు వాదించుచున్నారు. ఆ వాదము తేలువరకు మనము ఆగనక్కరలేదు. వేళ్ళ సంగతి ఒక్కటే చాలును. గుజరాతు ప్రభుత్వము 2023లో, తమిళనాడు ప్రభుత్వము 2025లో దీనిని నాటవద్దని ఉత్తరువులిచ్చినవి. మన రాష్ట్రములోను అంతకు ముందే దీని నారు పెంచవద్దని ఆదేశించిరి.

తప్పు చెట్టుది కాదు. ఎన్ని నాటితిమని లెక్క వ్రాసుకొంటిమి గాని, ఏవి నాటితిమని మనలను మనము ప్రశ్నించుకొనలేదు. అందానికని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను కప్పివేసిన పిదపనైనను ఈ బుద్ధి రావలసినది.

ఏమి చేయవలెను?

అన్నిటిని ఒక్కనాడే నరికి నేలను బోడిచేయవద్దు. సంపునకు, మురుగు గొట్టమునకు, పునాదికి దగ్గరగా నున్నవాటిని ముందు తీయుడు. లేతమొక్కను వాన పడిన మరునాడు వేరుతో పెకలించవచ్చును. పెద్ద చెట్టయినచో 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి కావలెనేమో అటవీశాఖవారిని ముందు విచారింపుడు. మొదలు నరికి వదలినచో మరల చిగురించును. కావున మోడును వేళ్ళతో త్రవ్వి తీయవలెను. అది వీలుకానిచో చిగురు కనిపించినప్పుడెల్ల త్రుంచుచుండవలెను. మోడుపై కిరసనాయిలు, ఆమ్లము పోయకుడు. పటాన్‌చెరు ప్రాంతపు భూగర్భజలము రసాయనములచే ఎంత చెడినదో మనము ఎరిగినదే. ఆ పాపములో మన వంతు కలుపవద్దు. కొమ్మలను తడినేలపై పారవేయక బాగుగా ఎండబెట్టుడు, లేనిచో అవి వేరు తొడుగవచ్చును. వెంటనే తీయలేనివారు పూత రాకమునుపే కత్తిరించి నడుము ఎత్తులో ఉంచవలెను.

బదులుగా ఏవి?

ఖాళీయైన చోట తొలకరిలో మన మొక్కలు నాటుడు. కంచెకు గోరింట, వావిలి, అడ్డసరము. పూలకు మందార, నందివర్ధనము. స్థలము ఎక్కువగా నున్న చోట గోడకు దూరముగా వేప, కానుగ, పొగడ. ఇవి రెండేండ్లు ఆలస్యముగా ఎదుగును, నిజమే. కాని గోరింటాకు ఆడపిల్లల చేతులకు వచ్చును, అడ్డసరము దగ్గు మందునకు వచ్చును, వేపనీడన మంచము వేసికొనవచ్చును.

నర్సరీకి పోయినప్పుడు “ఇది ఎంత త్వరగా పెరుగును?” అని అడుగుట మనకు అలవాటు. ఇక మీదట “దీని వేరు ఎంత దూరము పోవును?” అని కూడ అడుగుడు. మొక్కగా నున్నప్పుడు గోటితో పోవునది, పదేండ్లకు గొడ్డలికిని లొంగదు.