అట్టపెట్టెలో ఆపరేషన్

మొన్న శనివారం ఇక్కడే, రోటోటూనాలో, స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళాం. బల్ల మీద ఒక అట్టపెట్టె. దానికి రెండు చిల్లులు, లోపల ఫోన్ కెమెరా, ఎదురుగా టీవీలో దాని బొమ్మ. సర్జరీలో శిక్షణ పొందుతున్న వాళ్ళమ్మాయి ఆ చిల్లుల్లోంచి పొడవాటి పరికరాలు రెండు దూర్చి, శనగగింజల్ని ఒక మూతలోంచి ఇంకో మూతలోకి మారుస్తోంది.

నన్నూ చెయ్యమంది. ఐదు నిమిషాలైనా ఒక్క గింజ కదిలితే ఒట్టు! చెయ్యి కుడికి జరిపితే లోపలి కొస ఎడమకి పోతుంది. టీవీలో లోతు తెలీదు. అలవాటైన చేతివాటమంతా మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాలి.

అమ్మ చూస్తూ కూర్చుంది. 1988లో గుంటూరులో గాల్ బ్లాడర్ తీయించుకుంది. పొట్ట మీద జానెడు మచ్చ. ఈ కీహోల్ పద్ధతిలో గాల్ బ్లాడర్ తీయడం మన దేశానికి 1990లో వచ్చింది, ముంబైలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా చేతుల మీదుగా.

"ఈ పెట్టెలు లేనప్పుడు ఎవరి మీద నేర్చుకున్నారే?" అంది అమ్మ.

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాలామంది పేషెంట్ల మీదే, అమ్మమ్మా," అంది.

నిజమే. తొంభైల మొదట్లో అందరూ చిన్న కోతే కావాలన్నారు. రెండు మూడు రోజుల కోర్సు చేసొచ్చి మొదలుపెట్టిన సర్జన్లు ఎందరో. పైన మచ్చ చిన్నదైంది గానీ, లోపల పైత్యనాళం తెగిన కేసులు పెరిగాయి.

విచిత్రమేమిటంటే, పెట్టె ఆలోచన అప్పటికే ఉంది. జర్మనీలో, కీల్ నగరంలో, కర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు 1980లో లాపరోస్కోపీతో అపెండిక్స్ తీశాడు. ఆయన్ని సస్పెండు చెయ్యాలని సర్జన్ల పెద్ద ఒకాయన ఉత్తరం రాశాడట. సెమ్ పరికరాలు తయారుచెయ్యడం తెలిసిన మనిషి. డాక్టర్లు ముందు మనుషుల మీద కాకుండా పెట్టె మీద నేర్చుకోవడానికి 'పెల్వి ట్రైనర్' తయారుచేశాడు. ఆపరేషన్‌ని లోకం ఎగబడి అందుకుంది. సాధన మాత్రం వెనకబడింది.

ఆపరేషన్ కనిపెట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. నా మటుకు, పెట్టె కనిపెట్టినందుకే సెమ్ మీద గౌరవం ఎక్కువ.

ఇంతలో పరికరం జారి గింజలన్నీ కిందపడ్డాయి. అమ్మ వంగి ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ మూతలో పోసింది.

"ఏం పర్లేదు. ఇంకోసారి చెయ్యి," అంది.