చెఱసాలకు చదువుకొన్నవా రక్కఱలేదా?

ప్రతి సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట వారముదినములు ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణముల పఠనమందిరములలో రాజకీయములకు విరామము. అబ్బాయి నేమి చదివింపవలెనను ప్రశ్న తప్ప వేఱు ప్రసంగ ముండదు. యంత్రశాస్త్ర మొకరందురు, వైద్య మొకరందురు, అమెరికా యొకరందురు. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. దానికి సమీపమున వేంకటరామన్నగూడెమునందు తోటల పెంపకమునకై యొక విశ్వవిద్యాలయమే యున్నది. మామిడిచెట్టునకు తెగులు తగిలిన, దాని కారణము విచారించుటకు నాలుగేండ్లు చదివిన శాస్త్రజ్ఞుడు కావలెనని మనము నమ్మితిమి. మనుష్యునకు తెగులు తగిలినప్పుడు మాత్రము లాఠీపట్టగల చేయి చాలునని యెట్లు నమ్మితిమో మాకు బోధపడదు.

కారాగారములందును, బాలనేరస్థుల గృహములందును, న్యాయస్థానముల పక్షమున ప్రొబేషన్ పనియందును జీవితము గడపుటకై కళాశాలలో చదువుకొందునని చెప్పిన విద్యార్థిని మేము కొల్లేటి ప్రాంతమున ఇంతవఱకు చూడలేదు. చెప్పినను తలిదండ్రు లంగీకరింపరు. పెండ్లిచూపులలో "అబ్బాయి జైలులో నున్నాడు" అన్నచో అవతలివారు కాఫీగ్లాసు క్రిందబెట్టి లేచిపోవుదురు. ఇది నవ్వులకు చెప్పిన మాటయే గాని, దీని వెనుకనున్న నిర్లక్ష్యమునకు నేడు దేశము మూల్యము చెల్లించుచున్నది.

2024 జులై 1వ తేదీన భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. 1860 నాటి శిక్షాస్మృతి పోయినది. క్రొత్త చట్టమున దండనముల జాబితాలో ఒక క్రొత్త మాట చేరినది: సమాజసేవ. అయిదువేల రూపాయలకు తక్కువ విలువగల సొత్తును దొంగిలించి, దానిని తిరిగి యిచ్చివేసి, మొదటిసారి నేరస్థుడుగా నిర్ణయింపబడినవాడు చెఱసాలకు పోనక్కఱలేదు. సంఘమునకు ఉపయోగపడు పని, కూలి లేకుండ, చేసి శిక్ష తీర్చుకొనవలెను. త్రాగి నలుగురిలో అల్లరిచేసినవానికిని, పరువునష్టము కలిగించినవానికిని న్యాయాధికారి ఈ శిక్ష విధింపవచ్చును. ఇది మంచి మార్పేయని మా యభిప్రాయము. కాని ఆ పని యెట్టిదై యుండవలెను? ఎవరు చేయింపవలెను? ఎవరు లెక్క వ్రాయవలెను? పనిచేయువాడు మారినాడో లేదో ఎవరు చూచి న్యాయాధికారికి తెలుపవలెను? ఈ ప్రశ్నలకు సంహితయందు సమాధానము లేదు.

ఒక దృష్టాంతము నూహింపుడు. ఏలూరు బజారులో పందొమ్మిదేండ్ల లంకగ్రామపు కుఱ్ఱవాడు మూడువేల రూపాయల సెల్‌ఫోను తీసికొని పట్టుబడినాడు. ఫోను యజమానునకు చేరినది. న్యాయాధికారి దయదలచి పదునైదు దినముల సమాజసేవ విధించినాడు. మఱునాడు వాని నేమి చేయుదురు? తెలిసినవాడు లేడు గనుక ఒక కానిస్టేబులు వానిచేతికి చీపురిచ్చి తమ్మిలేటి గట్టున నిలుపును. పోవువారు చూచి నవ్వుదురు. ఎవడో చరవాణిలో చిత్రము తీసి ఊరంతటికి పంపును. చెఱసాల తప్పినది, మానము పోయినది. వాడు అణగారిన కులమువాడైనచో ఆ చీపురునకు మఱియొక యర్థమును చేరును. కారాగారములలో కులమునుబట్టి పనులు పంచుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీముకోర్టు 2024 అక్టోబరు 3వ తేదీన తీర్పు చెప్పినది. ఊడ్చుట యొక కులమునకు, వంట యొక కులమునకు అని జైలు నిబంధనగ్రంథములలో వ్రాసియుండినవానిని కొట్టివేసినది. గోడలలోపలినుండి తొలగిన యా పాపము సమాజసేవ పేరిట గోడల వెలుపల మొలవకుండ చూచుట కెవరున్నారు?

ఇంగ్లండులో ఇట్టి శిక్షకు 1972లో చట్టము చేసిరి. చేసినంతనే దేశమంతట విధింపలేదు. మఱుసటియేట ఆఱు ప్రాంతములలో పరీక్షించి చూచిరి. అప్పటికి వారికి 1907 నాటి చట్టమువలన ఏర్పడిన ప్రొబేషన్ ఉద్యోగులు అఱువదియేండ్లుగా నుండిరి. పని పంచుట, పనిచేయించుట, మాటలాడుట వా రెఱుగుదురు. మనము చట్టమును ముందు తెచ్చుకొని, మనుష్యులను తరువాత వెదకుచున్నాము. మనకు 1958లోనే ప్రొబేషన్ చట్టము వచ్చినది. అంతకు పూర్వమే మదరాసు రాజధానిలో 1936లో అట్టి చట్టము చేయబడినది. మొదటి తప్పు చేసినవానిని జైలునకు పంపక, మంచి నడవడికకు పూచీ తీసికొని, ఒక యధికారి కనిపెట్టుచుండగా ఇంటికి పంపుట దాని సారము. ఆ అధికారులు పేరునకున్నారు. జిల్లా యొకటికి వేళ్ళమీద లెక్కింపదగినవారితో, వారికి నివేదికలు వ్రాయు తీఱిక యెక్కడిది? ఇంటింటికి పోవు తీఱిక యెక్కడిది?

శిక్షణ లేని చేతులలో సంస్కరణ మేమగునో తెలిసికొనుటకు ఇంగ్లండు పోనక్కఱలేదు. బాపట్ల చేరువనున్న స్టువర్టుపురము చాలును. 1871లో నేరస్థజాతుల చట్టమని యొకటి పుట్టినది. 1911లో దానిని సవరించి మదరాసు రాజధానికి విస్తరింపజేసిరి. పుట్టుకచేతనే దొంగలని ఎఱుకలవారిని ముద్రవేసి, 1913లో స్టువర్టుపురమున సెటిల్‌మెంటు నెలకొల్పి, సాల్వేషన్ ఆర్మీ వారికి అప్పగించిరి. హాజరుపట్టీ, బయటికి పోవుటకు అనుమతిచీటి, చీరాల పొగాకు కర్మాగారమునకు కూలి శ్రమ: దీనికి సంస్కరణమని పేరు. మదరాసు ప్రభుత్వ మా శాసనమును 1947లో రద్దుచేసినది; దేశమంతట 1952లో రద్దయినది. శాసనము పోయినను పేరు పోలేదు. స్టువర్టుపురమువాడన్న మాట ఆంధ్రదేశమున దొంగయను మాటకు పర్యాయపదమై యెన్ని యేండ్లు వినబడెనో పాఠకులే చెప్పగలరు.

ఆ గ్రామమునకే 1970 దశకమున విజయవాడ నాస్తికకేంద్రమునుండి లవణముగారును, జాషువా కవిగారి కుమార్తె హేమలతాలవణముగారును వెళ్ళిరి. చంబలులోయలో 1960లో వినోబా ఎదుట బందిపోట్లు ఆయుధములు విడిచిన వృత్తాంతము వారికి తెలియును. వారు హాజరుపట్టీతో పోలేదు. ఇండ్లలో కూర్చుండిరి. స్త్రీలతో మాటలాడిరి, పిల్లల చదువు చూచిరి, లొంగిపోవ గోరినవారికిని ప్రభుత్వమునకును నడుమ నిలిచిరి. నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారి ప్రభుత్వము చేయూత నిచ్చినది. వారు మహనీయులు. మహనీయులు దొరకిన చోట పని జరిగినది. దొరకని చోట జరుగలేదు. జిల్లాకొక లవణముగారు పుట్టవలెనని కూర్చుండుట రాజ్యాంగము కల దేశమునకు తగునా? వారు ప్రేమతో కనుగొన్న పద్ధతిని పాఠముగా మార్చి, సామాన్యుడైన పట్టభద్రునకు నేర్పుటయే కళాశాలల పని.

ఇక మన కొల్లేటి సంగతి. మన ప్రాంతమున నేరమనగా హత్యలు, దోపిడులే కావు. సంక్రాంతి వచ్చుచున్నదనగా తహసీలుదారుల యెదుట బైండోవరులు. కోడిపందెములను నిలుపవలెనని 2016లో ఉమ్మడి హైకోర్టు ఉత్తరువు చేసినది; అయినను బరులు మానలేదు, కేసులును మానలేదు. నాటుసారా కేసులు వేఱు. సరస్సును 1999లో అభయారణ్యముగా ప్రకటించిన తరువాత చేపలచెఱువులు త్రవ్వుట నేరమైనది. 2006లో ప్రభుత్వమే గట్లు తెగగొట్టినది. తరువాత మరల త్రవ్వినవారిపై వన్యప్రాణి చట్టము క్రింద కేసులు. పొక్లెయిను నడపిన కూలివానికిని, పట్టణమున మేడలో నుండి పెట్టుబడి పెట్టినవానికిని ఒకే కొలతయేనా? చెఱువు పోయి, చేపలవేట సరిగా సాగక అప్పుపడిన వడ్డివానిని జైలులో పెట్టినచో సరస్సునకేమి లాభము? వానిచేత గుఱ్ఱపుడెక్క తీయించి, ఉప్పుటేటి ముఖము శుభ్రపఱపించిన సరస్సునకును మేలు, వానికిని మేలు. ఇట్టి భేదము గ్రహించి, వాని యింటి పరిస్థితి విచారించి న్యాయాధికారికి విన్నవించువాడు కావలెను. ఆ విన్నపము వ్రాయుట యొక విద్య.

లంకగ్రామములలో కులపెద్దల కట్టుబాటున్నదిగదా, సమాజన్యాయము మనకు క్రొత్తదా యని కొందఱందురు. క్రొత్తది కాదు. తప్పు చేసినవానికి తప్పు వేయుట, సొమ్ము వసూలుచేసి నష్టపోయినవానికో గుడికో చేర్చుట మన పల్లెలెఱిగినవే. అందొక సుగుణ మున్నది: నేరము చేసినవాడును, నష్టపోయినవాడును మఱునాడు ఒకే రేవున నీళ్ళు ముంచుకొనవలెనని పెద్దలకు తెలియును. జైలుగోడ ఈ సంగతి నెఱుగదు. కాని అదే కట్టుబాటు వెలివేయుటయును ఎఱుగును. ఆడుదానిమాట అక్కడ వినబడదు. పేదవానికి వకాల్తా లేదు; పై కోర్టు లేదు. కట్టుబాటులోని సుగుణమును చట్టమునకు తెచ్చి, దాని క్రౌర్యమును ఊరి బయట నుంచగలవాడు ఇరుపక్షముల భాష తెలిసిన చదువరియే. వాడు లంకలలో పుట్టి, ఏలూరులో చదివినవాడైన మఱియు మంచిది.

ఆ చదువు ఎక్కడున్నదని యడుగువారికి క్లుప్తముగ చెప్పెదము. బొంబాయిలో 1936లో స్థాపింపబడిన టాటావారి సంస్థయందు నేరస్థుల సంస్కరణము పాఠ్యాంశము. మదరాసు విశ్వవిద్యాలయమున నేరశాస్త్ర శాఖ యున్నది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున సంఘసేవాశాస్త్ర మున్నది. ఉద్యోగములో చేరినవారికి వేలూరున నాలుగు దక్షిణరాష్ట్రములు కలిసి 1979లో స్థాపించిన శిక్షణాలయ మున్నది. వేలూరను పేరు వినగానే మాకు మఱియొక వేలూరు తలపునకు వచ్చును. 1908లో స్వరాజ్య పత్రికలోని వ్రాతకై శిక్షపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అచ్చటి జైలులో సామాన్యనేరస్థులతో బాటు సంకెలలు మోసిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు అచ్చటనే మాలపల్లి వ్రాసిరి. జైలునుండి వచ్చిన మన పెద్దలు గ్రంథాలయములు పెట్టిరి, వయోజనులకు చదువు చెప్పిరి. జైలులో తమ ప్రక్కన పరుండిన దొంగల సంగతి స్వరాజ్యము వచ్చిన తరువాత మనమే మఱచితిమి.

మఱచితి మనుటకు అంకెలే సాక్ష్యము. 2022 సంవత్సరాంతమున దేశమందలి కారాగారములలో 5,73,220 మంది యుండిరి. అందు నూటికి డెబ్బదియయిదుగురికి పైబడి విచారణ ఖైదీలు, అనగా నేరము ఋజువు కానివారు. నూఱుగురికి చోటున్న చోట నూటముప్పదియొక్కరు పరుండిరి. మొదటిసారి నిందితుడైనవాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము లోపల గడపినచో విడువవలెనని 2023 నాటి నాగరిక సురక్షాసంహిత చెప్పుచున్నది. ఆ మూడవవంతు ఎన్నడు నిండెనో లెక్కించి దరఖాస్తు పెట్టువాడు లేక కాలము మించియుండువాని గతియేమి? ఇది దయాదాక్షిణ్యముల విషయము కాదు. గణితము తెలిసి, చట్టము తెలిసి, ఖైదీపేరు జ్ఞాపకముంచుకొను ఉద్యోగి విషయము.

అట్టి యుద్యోగిని మన మెట్లు ఎన్నుకొనుచున్నాము? 2018లో మన రాష్ట్రమున వార్డరు ఉద్యోగములను పోలీసు నియామకమండలి కానిస్టేబుళ్ళ ప్రకటనలోనే చేర్చినది. పరుగు, దూకుట, ఛాతీకొలత. నార్వేదేశమున జైలు కాపలాదారుడు కాదలచినవాడు జీతము తీసికొనుచు రెండేండ్లు ఉన్నతవిద్య చదువవలెను. మనస్తత్వము, నీతిశాస్త్రము, చట్టము చదివిన తరువాతనే తాళపుచెవి చేతికిత్తురు. అది ధనిక దేశము, మనము వారిని పోలలేమందురు. ఒప్పుకొందము. కాని బోస్టను నగరమున 1841లో ఒక త్రాగుబోతునకు జామీనుండి ప్రొబేషన్ పద్ధతికి పునాదివేసిన జాన్ ఆగస్టసు చెప్పులు కుట్టి బ్రతికినవాడు. 1859లో చనిపోవునాటికి పందొమ్మిదివందలమందికి పైగా పూచీ యున్నాడు. ధనము లేదనుమాట అతడు చెప్పలేదు.

ఈ యుద్యోగములలో జీతములు స్వల్పము, పదవోన్నతి అరుదు అను ఆక్షేపణము మాత్రము నిజము. ముల్లాగారి సంఘము 1980–83లో విచారించి కారాగారములకు అఖిలభారత ఉద్యోగశ్రేణి నేర్పఱుపుమని సలహాయిచ్చినది. అది కాగితముమీదనే యున్నది. 2023లో కేంద్రప్రభుత్వము మాదిరి చట్టము వ్రాసి దానికి కారాగార, సంస్కరణసేవల చట్టమని పేరిడినది. పేరులో సంస్కరణము చేరినది. బడ్జెటులో ఎంత చేరునో చూడవలెను. ఉద్యోగములు పుట్టిన తరువాత చదివింతుమని కళాశాలలు, చదివినవారు దొరకిన తరువాత ఉద్యోగము లిత్తుమని ప్రభుత్వము. ఇద్దఱు నొకరి ముఖ మొకరు చూచుకొనుచు ఎన్ని యేండ్లు కూర్చుందురు? ఎవరో యొకరు ముందు లేవవలెను. కళాశాలలే లేవవలెనని మా వాదము. వానికి ఖర్చు తక్కువ.

ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945నుండి యున్నది. న్యాయశాస్త్ర కళాశాల యున్నది. జిల్లాకోర్టు, జిల్లాజైలు ఊరిలోనే యున్నవి. తాడేపల్లిగూడెమున నన్నయ విశ్వవిద్యాలయపు ప్రాంగణ మున్నది. ఆ విశ్వవిద్యాలయపు ముఖ్యస్థానమైన రాజమహేంద్రవరమున కేంద్రకారాగార మున్నది. ఇన్ని యొక్క చోట నున్న ప్రాంతము రాష్ట్రమున అరుదు. క్రొత్త భవనము లడుగుట లేదు. ఒక సంవత్సరపు డిప్లొమా చాలును. ఉదయము నేరశాస్త్రము, చట్టము, మనస్తత్వము. సాయంకాలము కోర్టులోను, బాలల గృహములోను, లంకలలోను పని. పాఠములు తెలుగున చెప్పవలెను. ఏలయన, ఖైదీ తన గోడు చెప్పునది తెలుగుననే. న్యాయాధికారి సమాజసేవ విధించిన ప్రతివానికి ఈ విద్యార్థులలో నొకని జతపఱచుటకు జిల్లా న్యాయసేవాధికారసంస్థ యంగీకరించినచో, చట్టములోని లోపము ఈ జిల్లామటుకు వచ్చు వేసవికే పూడును.

మొదటి యేట పదిమంది చాలుదురు. అందు నలుగురు స్త్రీలు, ఇద్దఱు లంకగ్రామములవారు ఉండునట్లు చూడవలెను. కళాశాలల పాలకవర్గములవారు జూన్‌నెలకు ముందే కూడుదురుగదా. ఆ సమావేశపు కార్యక్రమపత్రమున ఈ విషయమును చేర్చు సభ్యు డెవరో తెలుపవలసినదిగా కోరుచున్నాము. ఆయన పేరును ఈ పుటలోనే ప్రకటింతుము.